మధ్యాహ్నం మాట్లాడే గొంతు

తల్లి ఆ పరికరాన్ని మూడు ముక్కలుగా విడదీసింది. చెవిలో పెట్టుకునేది ఒకటి, మణికట్టుకు కట్టుకునేది ఒకటి, చొక్కాకి తగిలించుకునే చిన్న కెమెరా ఒకటి. మూడింటినీ పాత తువ్వాల్లో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి మూత నొక్కింది. అప్పటికీ మనసొప్పక డబ్బా మీద ఇస్త్రీపెట్టె పెట్టింది.

"అది ఆపేసే ఉందమ్మా," అన్నాడు కొడుకు. "దానికిప్పుడేమీ వినపడదు."

"నువ్వు అలాగే అంటావు."

"నేనే తయారుచేశాను. నాకు తెలీదా?"

"తయారుచేసినవాడివి కాబట్టే నీ మాట నమ్మబుద్ధి కావడం లేదు."

కొడుకు బల్ల మీద తెరిచి ఉన్న కంప్యూటరు వైపు ముఖం తిప్పుకున్నాడు. ఆదివారం ఉదయం పదకొండయింది. ఆ ఇంట్లో ఇంకా ఎవరూ ఏమీ తినలేదు.

లోపలి గది గుమ్మంలో అమ్మడు నిలబడి ఉంది. ముప్పై దాటినా ఇంట్లో ఆమెకి అదే పేరు. ఆమె చేతి మీద నీలం యూనిఫాం వేలాడుతోంది.

"అమ్మా, ఇస్త్రీపెట్టె కావాలి."

"ఎందుకే? రేపు నువ్వు డ్యూటీకి వెళ్లడం లేదు. విచారణకి వెళ్తున్నావు."

"విచారణకి యూనిఫాం వేసుకురావద్దని ఎవరూ చెప్పలేదు."

తల్లి ఇస్త్రీపెట్టె తీసి ఇచ్చి, దాని చోట ఉప్పు జాడీ పెట్టింది.

అమ్మడు ఒక పెద్దాసుపత్రిలో, ఆపరేషన్ పరికరాలు శుభ్రం చేసి ట్రేలలో సర్దే విభాగంలో పనిచేస్తోంది. ఏ ట్రేలో ఏవి ఎన్ని ఉండాలో చెప్పే కాగితం చూసుకుంటూ, ఒక్కొక్కటీ వేలితో తాకుతూ సర్దుతుంది. అక్కడివాళ్లు ఆమెని 'లిస్టమ్మ' అంటారు. మొన్నటిదాకా, నాలుగేళ్లలో ఆమె చేతిమీదుగా ఒక్క ట్రే కూడా తప్పుగా వెళ్లలేదు.

పని ఆమెకి ఎప్పుడూ కష్టం కాలేదు. మనుషులే కష్టం. ఎవరు వేళాకోళానికి అంటున్నారో, ఎవరు నిజంగా కోప్పడుతున్నారో తెలిసేది కాదు. అంతకుముందు రెండు ఉద్యోగాలు అలాగే పోయాయి. ఆటిజం ఉన్నవాళ్లకి పనిచోట చెవిలో మెల్లిగా దారి చెప్పే మనిషి ఉంటే చాలన్న ఆలోచన అన్నయ్యకి అప్పుడే పుట్టింది. ఎక్కడో కూర్చున్న కోచ్ మేడమ్ ఆ చిన్న కెమెరాలోంచి చూస్తూ, 'అతను నవ్వులాటకి అన్నాడు', 'ఇప్పుడు వెళ్లి ఐదు నిమిషాలు బయట కూర్చో' అని చెబుతుంది. ఏడాదిగా అమ్మడు ఒక్కరోజు కూడా ఏడుస్తూ ఇంటికి రాలేదు.

మొన్న గురువారం ఒక ట్రేలో, రక్తనాళాన్ని బిగించిపట్టే క్లాంపులు ఆరు ఉండాల్సింది ఐదే వెళ్లాయి. ఆపరేషన్ మధ్యలో డాక్టరు చెయ్యి చాపితే ఆరోది లేదు. ఇంకో ట్రే తెచ్చేదాకా నర్సు రక్తనాళాన్ని వేళ్లతో నొక్కిపట్టి నిలబడాల్సి వచ్చింది. రోగి బతికాడు. ట్రే మీద మాత్రం అమ్మడి సంతకం ఉంది.

"ట్రే మూసేయమని చెవి చెప్పింది. మూసేశాను."

అప్పటినుంచీ అమ్మడు చెబుతున్నది ఆ ఒక్క మాటే. చెవిలో వినిపించే గొంతుని ఆమె 'చెవి' అంటుంది.

"రికార్డులో లేదమ్మా," అన్నాడు అన్నయ్య, తెర మీద వరసల్ని వేలితో చూపిస్తూ. "కోచ్ మేడమ్ మైకులోంచి వెళ్లే ప్రతి మాటా ఇక్కడికి చేరుతుంది. గురువారం ఒంటిగంట నుంచి రెండింటిదాకా ఒక్క ముక్క కూడా లేదు."

"అంటే నా కూతురు అబద్ధమాడుతోందంటావు."

"అబద్ధమని నేనన్నానా? కంగారులో విన్నట్టు అనిపించి ఉండొచ్చు."

"అనిపించిందా?" తల్లి కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. "చిన్నప్పుడు కిటికీ అద్దం ఎవరు పగలగొట్టారని మీ నాన్న అడిగితే, 'అన్నయ్య, ఎడంచేత్తో' అని చెప్పిందిరా ఇది. ఎడంచేత్తో అని కూడా చెప్పింది. లేనిది చెప్పడం దానికి చేతకాదు. ఉన్నది దాచడం అంతకన్నా చేతకాదు. అది నీకు వచ్చు."

"ఇప్పుడు నామీద పడ్డావేంటి?"

"పొద్దున్నుంచీ దాని ముఖంలోకి ఒక్కసారి చూసి మాట్లాడావా నువ్వు?"

అతను చూడబోయాడు. చూడలేక మళ్లీ తెర వైపు తిరిగాడు.

అమ్మడు ఇస్త్రీ ఆపకుండానే అంది. "పుస్తకంలో ఉంది."

"ఏ పుస్తకం?"

"చెవి మాటల పుస్తకం. చెవిలో మాటలు అయిపోగానే పోతాయి. అందుకని రాసుకుంటాను. తిరిగొచ్చేటప్పుడు, బస్సులో."

కాలరు ఇస్త్రీ పూర్తిచేసి, ప్లగ్గు తీసి, వైరు చుట్టి, అప్పుడు వెళ్లి అట్ట చిరిగిన నోటుపుస్తకం తెచ్చింది. నిలబడే చదివింది.

"గురువారం. ఒంటిగంట నలభై. 'క్లాంపులు ఐదే ఉన్నాయి, ఆరు కావాలి' అని నేను. 'బాగా చేస్తున్నావు. మూసేసి తర్వాతిది తీసుకో' అని చెవి. 'ఆరోది లేదు' అని నేను. 'బాగా చేస్తున్నావు. మూసేసి తర్వాతిది తీసుకో' అని చెవి. మూశాను."

"రెండుసార్లు ఒకే మాటా?" అంది తల్లి.

"ఒకే మాట. మధ్యాహ్నం మేడమ్ ఎప్పుడూ అంతే. పొద్దున మేడమ్ వేరేగా మాట్లాడతారు."

కీబోర్డు మీద అన్నయ్య వేళ్లు ఆగిపోయాయి.

"ఇద్దరు మేడమ్‌లు లేరు అమ్మడూ. ఉన్నది ఒక్కరే."

"గొంతు ఒకటే," అని ఒప్పుకుంది అమ్మడు. "పొద్దున మేడమ్ మాట్లాడబోయే ముందు ఊపిరి తీసుకుంటారు. చప్పుడు వినిపిస్తుంది. మధ్యాహ్నం మేడమ్ తీసుకోరు. మూడు వారాల నుంచి."

"మరి ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

"సరే, ఆరోది లేదని తెలిసి కూడా ఎందుకు మూశావు?"

ఆ ప్రశ్న ఆమెకి వింతగా తోచినట్టుంది. "చెవి చెప్పింది చెయ్యి, నీ అనుమానాలు పక్కన పెట్టు అని మొదటిరోజు నువ్వే అన్నావు. అది కూడా ఇందులో ఉంది. మొదటి పేజీ. చదవనా?"

"వద్దు," అన్నాడు అన్నయ్య.

తల్లి కొడుకునే చూస్తోంది. అతను కంప్యూటరు మూసి, చంకలో పెట్టుకుని, ఇప్పుడే వస్తానని తన గదిలోకి వెళ్లిపోయాడు. తలుపు గడియ పడిన చప్పుడయింది. ఆ ఇంట్లో పగటిపూట గడియ పెట్టుకునే అలవాటు ఎవరికీ లేదు.

*

సాయంత్రం నాలుగింటికి అతను ఫోను పట్టుకుని డాబా మీదికి వెళ్లాడు. తీగల మీద దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. పిట్టగోడకి ఆనుకుని కోచ్ మేడమ్‌కి ఫోను చేశాడు.

"గురువారం ఒంటిగంట నలభైకి మీరు మా అమ్మడితో ఏమైనా మాట్లాడారా?"

"ఆ టైముకి నేను భోజనానికి లేస్తాను కదండీ. అప్పుడు అందరూ విరామంలోనే ఉంటారు, లైన్లోకి ఎవరూ రారని మీరే చెప్పారు."

"అవును, చెప్పాను."

"కానీ అమ్మడి విరామం పన్నెండున్నరకే అయిపోతుంది కదా. తను నన్ను పిలిచిందా?"

"పిలిచింది."

"మరి ఎవరు పలికారు?"

అతను దూరంగా రోడ్డు మీద ఆగి ఉన్న చెత్త బండిని చూస్తూ ఉండిపోయాడు.

"సార్, పరీక్షించడానికని నాచేత రెండు వందల వాక్యాలు చదివించి రికార్డు చేసుకున్నారు. వాటిని ఏం చేశారు?" ఆవిడ గొంతు నెమ్మదిగానే ఉంది. "నా గొంతేనా అది?"

"మూడు వారాల నుంచి. మీరు అరనిమిషంలోగా పలకకపోతే అది పలుకుతుంది. పన్నెండు మందిని ఒక్కదాన్నే చూసుకోలేకపోతున్నానని మీరే అన్నారు కదా."

"అలా అంటే ఇంకో మనిషిని పెడతారనుకున్నాను."

ఆ గొంతుకి అతను నేర్పినవి చిన్న మాటలే. ఊరికే ధైర్యం చెప్పే మాటలు, నీళ్లు తాగమనే మాటలు, తర్వాతి పనికి వెళ్లమనే మాటలు. వాటివల్ల ఎవరికేం నష్టమనుకున్నాడు. తర్వాతి పనికి వెళ్లమనడమంటే చేతిలో పనిని మూసేయమనడమేనని తట్టలేదు. ఆ గొంతు ఏ మైకులోంచీ రాదు. అందుకే దాని మాటలు రికార్డుకి ఎక్కవు. పొద్దున చెల్లెలు పుస్తకం చదువుతుండగానే ఇదంతా అతనికి తెలిసిపోయింది. గడియ పెట్టుకుని అతను సరిచూసుకున్నది అదే.

"నా గొంతని నమ్మి ఆ అమ్మాయి ట్రే మూసింది," అంది కోచ్ మేడమ్. "రేపు విచారణలో ఏం చెబుతారు?"

"ఆలోచిస్తున్నాను."

"ఇందులో ఆలోచించడానికి ఏముంది సార్?"

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగాడు. రెండు దుప్పట్ల మధ్య తల్లి నిలబడి ఉంది. ఆమె చేతుల్లో మడతపెట్టిన బట్టలు గడ్డందాకా ఉన్నాయి.

"ఎప్పుడొచ్చావు?"

"బట్టలు తీయడానికొచ్చాను," అని ఆమె మెట్లు దిగిపోయింది.

అతను కాసేపు అక్కడే ఉన్నాడు. తిడుతుందనుకున్నాడు. కిందికి వెళ్లాక నలుగురికీ వినపడేలా కేకలేస్తుందనుకున్నాడు. వెళ్లి చూస్తే ఆమె వంటింట్లో గిన్నెలు తుడుస్తోంది. అన్నం వడ్డించినప్పుడు కూడా ఒక్క మాట అనలేదు. అమ్మడు మాత్రం రేపు ఏ బస్సు ఎక్కాలో, అది తప్పితే ఏది ఎక్కాలో వరసగా చెబుతూ తింది.

"రేపు నేనూ వస్తాను," అంది తల్లి చివరికి.

"నువ్వెందుకమ్మా?"

"వస్తానన్నాను కదా."

ఆ గొంతుని ఆపేయడం అతనికి రెండు నిమిషాల పని. ఆ రాత్రి అతను కంప్యూటరు ముందు గంటసేపు కూర్చున్నాడు. ఆపితే భోజనాల వేళ ఎవరైనా పిలిచి, జవాబు రాక బెంబేలెత్తిపోతారేమో అనుకున్నాడు. అది నిజమే. విచారణకి ముందురోజు తను దాన్ని ఆపినట్టు కంప్యూటరులో తేదీతో సహా నమోదవుతుందన్నది ఇంకో నిజం. మొదటి కారణం కోసమే ఆపలేదని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు.

*

విచారణ సోమవారం పన్నెండున్నరకి, సూపర్‌వైజర్ గదిలో. గాజు పలక అవతల ఆవిరి యంత్రాల తలుపులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. వేడి లోహం వాసన గదిలోకి కూడా వస్తోంది. సూపర్‌వైజర్‌కి రిటైరవడానికి రెండేళ్లు ఉన్నాయి. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఎదుటివాళ్లని ఒక్కొక్కరినే తీరిగ్గా చూసే మనిషి.

"అమ్మగారు కూడా వచ్చారే," అన్నాడు.

"మాట్లాడనులెండి," అంది తల్లి. "కూర్చుంటాను."

అన్నయ్య దారిలో బస్సులోనే నిర్ణయం తీసుకున్నాడు. చెప్పేయాలి. మొదటి వాక్యం ఏమిటో కూడా అనుకుని పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

సూపర్‌వైజర్ చెయ్యెత్తి ఆపాడు. "మీరు శ్రమపడక్కర్లేదు. పది గంటలకి ఒక ఉత్తరం వచ్చింది. మీ కోచ్ మేడమ్ రాశారు." కళ్లజోడు కిందికి దించుకుని చదివాడు. "'గురువారం మధ్యాహ్నం ట్రే మూసేయమని చెప్పింది నేనే. పొరపాటున చెప్పాను. ఆ సమయంలో మైకు సరిగా పనిచేయక నా మాటలు రికార్డు కాలేదు. ఇందులో ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఈ ఉదయం నుంచే నేను ఉద్యోగం మానేస్తున్నాను.' సంతకం ఉంది."

సూపర్‌వైజర్ మళ్లీ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"ఆవిడే ఒప్పుకున్నాక ఇంక గొడవేముంది? లిస్టమ్మా, రేపటి నుంచి డ్యూటీకి వచ్చెయ్. సార్, మీ పరికరం మీద కూడా నాకు ఫిర్యాదు లేదు. మైకు బాగుచేయించుకోండి."

"మేడమ్ చెప్పలేదు," అంది అమ్మడు.

"ఏంటమ్మా?"

"ఉత్తరంలో ఉన్నది జరగలేదు. మేడమ్ ఆ టైములో లేరు."

సూపర్‌వైజర్ ఆమెని చూశాడు. తర్వాత అన్నయ్యని. "మీరు చెప్పండి. ఈ ఉత్తరం నిజమేనా?"

అన్నయ్య బల్ల కింద తన మణికట్టు మీద ఒక చెయ్యి బిగియడం గమనించాడు. పక్కకి చూశాడు. ఉత్తరం చదువుతున్నంతసేపూ ఆ గదిలో ఆశ్చర్యపోని మనిషి తల్లి ఒక్కతే. ఆ చెయ్యి ఆమెదే.

"ఒక్క నిమిషం సార్," అని లేచి, తల్లిని నడవాలోకి తీసుకెళ్లాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"ఏం చేశావమ్మా?"

"అడిగాను." ఆమె గోడకి ఆనుకుంది. "పొద్దున ఆరింటికి. నెంబరు అమ్మడి పుస్తకంలోనే ఉంది."

"ఏమని అడిగావు?"

"ఉన్నదే చెప్పాను. నిజం చెబితే నీ పని పోతుంది. చెప్పకపోతే దాని ఉద్యోగం పోతుంది. రెండూ నిలబడే దారేదైనా ఉందా తల్లీ అన్నాను. ఆవిడ మీ అబ్బాయి కోసమైతే కాదన్నారు. అమ్మడి కోసమన్నారు. ఎలాగూ మానేస్తున్నాను, ఇంకెక్కడైనా పని దొరక్కపోదన్నారు."

"దొరుకుతుందా? ఆపరేషన్ ట్రే పొరపాటున మూయించానని సంతకం పెట్టిన మనిషికి ఎవరిస్తారమ్మా పని?"

తల్లి నేల చూపులు చూసింది.

"నిన్న దాని మాట నమ్మలేదని నన్ను కడిగేశావు. ఇవాళ దాన్నే తెచ్చి అబద్ధం మధ్యలో కూర్చోబెట్టావు."

"నిన్న నాకు నీ మీద అనుమానం ఒక్కటే ఉంది," అంది ఆమె. "అనుమానంతో నిలదీయడం తేలిక. నిజం తెలిశాక నాకు కాళ్లాడలేదురా. ఇద్దరూ నా పిల్లలే."

తలుపు తెరుచుకుంది. అమ్మడు గుమ్మంలో నిలబడి ఉంది.

"మీరు ఒక్క నిమిషం అన్నారు. నాలుగయింది. సార్ అడిగారు, నేను చెప్పాను."

"ఏం చెప్పావు?"

"మధ్యాహ్నం మాట్లాడేది ఊపిరి తీసుకోదు, అది మనిషి కాదు, అన్నయ్య చేసిన గొంతు అని. అలా అనుకుంటున్నానని చెప్పాను. చూడలేదు కాబట్టి తెలుసని చెప్పలేదు."

ఆమె వెనక సూపర్‌వైజర్ లేచి నిలబడి ఉన్నాడు. ఉత్తరం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఇందాకటి తీరిక ముఖంలో లేదు.

"అలాగేనా సార్?"

"అలాగే," అన్నాడు అన్నయ్య. అనుకుని పెట్టుకున్న వాక్యం గుర్తు రాలేదు. "తప్పు నాది. ఆవిడ రాసింది నిజం కాదు. మా చెల్లెలు చెప్పిందే నిజం."

ఆ మాట విని అమ్మడు తల ఊపింది. అంతటితో ఆమెకి సంబంధించినంతవరకు ఆ విషయం అయిపోయింది. కానీ ఆమె నుదుటి మీద ముడత పోలేదు. వేళ్లు మడుస్తూ ఏదో లెక్కపెట్టుకుంటోంది.

"మేడమ్ దగ్గర పన్నెండు మందిమి," అంది. "నాది డబ్బాలో ఉంది. ఇంకా పదకొండు. మేడమ్ పొద్దున్నే మానేశారని ఉత్తరంలో ఉంది కదా."

"అవును," అన్నాడు సూపర్‌వైజర్.

"అయితే పొద్దున్నుంచీ వాళ్లతో ఎవరు మాట్లాడుతున్నారు అన్నయ్యా?"

ఆ పదకొండు మందిలో ఒకతను చెక్క కోసే యంత్రం దగ్గర పనిచేస్తాడు. ఒకామె మందుల దుకాణంలో సీసాలు సర్దుతుంది. ఎవరు ఏమడిగినా అరనిమిషం ఆగి, బాగా చేస్తున్నావు, తర్వాతిది తీసుకో అని ఆ గొంతు చెబుతూనే ఉండి ఉంటుంది. అన్నయ్య గబగబా జేబులోంచి ఫోను తీశాడు.

"ముట్టుకోవద్దు," అన్నాడు సూపర్‌వైజర్.

"ఆపాలండీ."

"ఏం ఆపుతారో, ఏం చెరిపేస్తారో నాకెలా తెలుస్తుంది? మూడు వారాలు ఎవరికీ చెప్పకుండా నడిపించారు. బల్ల మీద పెట్టండి."

"సార్, ఒక్కసారిగా ఆపేసినా ప్రమాదమే. వాళ్లు పిలిస్తే ఎవరూ పలకరు. ముందు మనిషన్నవాళ్లెవరైనా వాళ్లతో మాట్లాడాలి. చేతిలో పని ఆపి పక్కకి రమ్మనాలి. ఆ తర్వాతే దాన్ని ఆపాలి."

"మనిషంటే ఎవరు? మీరా?"

తల్లి కొడుకు వైపు చూసింది, తర్వాత సూపర్‌వైజర్ వైపు. కొడుకుని నమ్మమని అడిగే ముఖం తనకి మిగల్లేదని ఆమెకి తెలుసు. అన్నయ్య ఫోను తీసుకెళ్లి బల్ల మీద పెట్టాడు. తెర మీద పదకొండు చిన్న పచ్చచుక్కలు వెలుగుతున్నాయి. వాటిలో ఒకటి ఉన్నట్టుండి ఎర్రబడింది. ఎవరో పిలుస్తున్నారు. అరనిమిషంలో ఆ గొంతు పలుకుతుంది.

సూపర్‌వైజర్ చెయ్యి ఫోను మీదికి వెళ్లి, ఏం చేయాలో తెలియక గాలిలోనే ఆగింది.

అమ్మడు ముందుకొచ్చి ఫోను తీసుకుంది. ఒకసారి ఊపిరి పీల్చుకుంది.

"నేను మాట్లాడితే ఫరవాలేదా?" అంది సూపర్‌వైజర్‌తో.